అరికాలికి అరికాలు

మా పెద్దమ్మ నిద్రలోనే పోయిందని కిందటి వారం బొమ్మిడిలో ఉన్న నాకు ఫోన్ వచ్చింది. నల్లంపల్లి దగ్గర వాళ్ళ ఇంటికి చేరేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. నలభై దాటిన ఆమె కొడుకు, నాకు అన్న, ఆమె పాదాలు పట్టుకుని ముందుకూ వెనక్కూ వంచుతున్నాడు.

"పండుకోనే ఉంటే నెత్తురు గడ్డ కడ్తాది మా. కాళ్ళాడించు."

ఎవరికీ ఆపడానికి చేతులు రాలేదు. ఆ మాట అతనికి ఆమె నేర్పిందే.

అన్న బుద్ధి పసితనం దగ్గరే ఆగిపోయింది. రెండేళ్ళ కిందట పశువుల కొట్టంలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ పెద్దమ్మకు మా ప్రాంతంలో నడిచే తమిళంలో విడమరిచి చెప్పింది: కదలకపోతే కాలిలో రక్తం గడ్డకట్టవచ్చు, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. రోజూ కడుపు మీద సూది వేయాలి, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు తొడగాలి, పాదాలు ఆడిస్తుండాలి. కాలు వాచినా ఆయాసం వచ్చినా ఇతను చెప్పలేడు, మీరే కనిపెట్టాలి.

అన్న మేజోళ్ళు పీకి పారేశాడు. సూది చూసి కేకలు పెట్టాడు. చేతులు కట్టేసి వేద్దామని వార్డులో ఎవరో అన్నారు.

"వానికి తెలీదనొద్దండి. మనం చెప్పింది వానికింకా చేరలే, అంతే" అంది పెద్దమ్మ.

నర్సును కాసేపు ఆగమని బతిమాలింది. ముందు ఒక మేజోడు తన కాలికి తొడుక్కుని చూపించింది. సూది లేని సిరంజిని తన కడుపుకు ఆనించుకుంది. తర్వాత మంచం చివర కూర్చుని, అతని అరికాళ్ళకు తన అరికాళ్ళు ఆనించి, "రా సామీ, గోడకు మట్టి తొక్కుదాం" అంది. అన్న నవ్వుతూ తొక్కాడు. ఆ నవ్వులోనే నర్సు సూది వేసేసింది.

అన్న కర్ర పట్టుకుని నడిచే ఇంటికొచ్చాడు. "నువ్వే బతికించుకున్నావు పెద్దమ్మా" అన్నాను.

"నేనేం చేసినాను? వానితో ఆడుకున్నాను."

చుట్టాలు పెళ్ళిళ్ళకు పిలిచేవారు, కొడుకును మాత్రం వదిలి రమ్మనేవారు. ఆమె వెళ్ళడమే మానేసింది. ఆ ఇంటికి వచ్చేవాళ్ళూ తగ్గిపోయారు. సాయంత్రాలు తల్లీకొడుకులిద్దరే హైవే దాకా నడిచి వచ్చేవారు.

ఇప్పుడు అన్నకు తోడుగా నేను ఇక్కడే ఉన్నాను. నిన్న సాయంత్రం అతని పక్కన నడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడ అమ్మ వస్తాది. నువ్వు ఎనక రా."

వెనకే నడిచాను. అన్న దారి అంచుకు ఒదిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, ముసలి కాళ్ళ నడకకు సరిపడేలా మెల్లగా వెళ్తున్నాడు.