పల్లికాయ కాంటా మీద జపాన్ సూట్‌కేస్

జపాన్ పోయిన దినం ఎయిర్‌పోర్ట్‌ల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో మీకు చెప్పనేలేదు కద! జర చాయ్ రానియ్యుండ్రి, చెప్త.

నన్ను ఆడి మ్యూజియమోళ్లు పిలిచిండ్రని మీకు తెల్సు. మూడు నెలలు ఉండి మగ్గం మీద గద్వాల చీర నేసి చూపియ్యాలె. చీరను మడతపెట్టి అగ్గిపెట్టెల పట్టిచ్చి చూపియ్యాలె. మగ్గం, నూలు, తిండి, పడక అన్నీ వాళ్లవే. "బట్టలు తెచ్చుకుంటే చాలు" అన్నరు.

చాలు అంటే నేను వింటనా! నెల దినాల సంది మగ్గం గుంతల కూసొని, కండ్లు తెరుచుకొనే కలలు కంటున్న. పోగు మోసుకుంట నాడె ఇటు పోతుంటే మంచు పడుతుంటది. అటు పోతుంటే తెల్లటి తొవ్వల నేనొక్కణ్నే నడుస్తుంట. ఎంత సక్కగుండెనో! కానీ కలల సలి పెట్టింది. లేసి గొంగడి సర్దిన. ఇంకో దినం కలల ఆకలైంది. జొన్నపిండి, రొట్టెల పెనం సర్దిన.

నా భార్య లక్ష్మి నెత్తి కొట్టుకుంది. "ఇనుప పెనం ఎందుకయ్యా? ఆడ పొయ్యి ఇస్తరో లేదో!"

"పొయ్యి సంగతి రేపటి కలల చూస్త" అన్న.

సూట్‌కేస్ ఇరవై మూడు కిలోలు దాటొద్దు. పోతా పోతా వనపర్తిల ఆగినం. మా బామ్మర్ది సాయిలు ఆడ పల్లికాయ దుకాణంల కాంటా వేస్తడు. తూకమేసి, "సరిగ్గ ఇరవై మూడు! బేఫికర్‌గ పో బావా" అన్నడు.

ఎయిర్‌పోర్ట్‌ల కౌంటర్ మేడమ్ ఏమన్నదో తెల్సా? "ట్వంటీ సిక్స్ ఉంది సార్!"

వెంటనే సాయిలుకు ఫోన్ కొట్టిన. "ఏం కాంటారా నీది?"

"కాంటా మంచిదే బావా, ఇరవై ఆరే వచ్చింది. అలవాట్ల రైతుల మూటకు తీసినట్టు సంచికి, తరుగుకు మూడు కిలోలు కొట్టేసి చెప్పిన!"

రైతుల బాధ ఏందో ఆ దినం సమజైంది.

"త్వరగా తీయండి సార్, కౌంటర్ క్లోజ్ చేస్తాం" అంటుంది మేడమ్. నెల దినాల కల ఈడ్నే ఆగిపోతదేమోనని గబగబ కిందికి వంగిన. నేల మీదనే సూట్‌కేస్ తెరిచిన. గొంగడి తీసిన. పెనం గుంజిన. దాంతోని పిండి సంచి చినిగింది! నా ప్యాంటు, బూట్లు, చుట్టూ నేలంత తెల్లగైంది. కలల చూసిన మంచు శంషాబాద్‌లనే పడింది! అద్దం అవతల లక్ష్మి మల్ల నెత్తి కొట్టుకుంటుంది.

తూకమైతే సరిపోయింది. గొంగడి భుజాన, పెనం సంకల పెట్టుకొని నిలబడ్డ.

మేడమ్ నవ్వు ఆపుకుంటా అడిగింది. "జపాన్‌కి ఏం పని మీద సార్?"

ఉన్న ఇజ్జతన్న నిలుపుకుందామని రొమ్ము విరుచుకొని చెప్పిన. "ఆరు గజాల చీరను అగ్గిపెట్టెల పట్టిచ్చి చూపియ్యనీకి మేడమ్!"

ఆమె ముందుగాల నేల మీది పిండి, నా సంకల పెనం దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసింది.

"ఆల్ ది బెస్ట్ సార్" అన్నది.