ప్రసూన గారు సిఫార్సు చేసిన ఆట

జ్ఞానప్రసూన గారు మా ఆయన రఘుకి ఒక కంప్యూటర్ ఆట సిఫార్సు చేసిన రోజునే, ఆవిడ మాకు ఏదో అంటగట్టబోతోందని నాకు అర్థమైపోయింది. అమెరికాలో, ఈ ఆష్‌బర్న్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ ఊరికే పలకరించే తెలుగువాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే పక్కన చేరి "మీదే ఊరండీ" అంటారు. వారం తిరక్కుండా కాఫీకి పిలుస్తారు. ఆ కాఫీ చల్లారేలోగా ఇన్సూరెన్సో, మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ వచ్చే పథకమో బల్ల మీదికి వస్తుంది. అలా రెండు మూడుసార్లు బుక్కయ్యాక, ఎవరైనా నవ్వితే ముందు వాళ్ళ చేతిసంచీ వైపు చూడటం నాకు అలవాటైంది.

ప్రసూన గారి సంచీలో పులిహోర డబ్బా తప్ప ఏమీ ఉండేది కాదు. అది నా అనుమానాన్ని ఇంకా పెంచింది.

ఆవిడకి యాభై దాటాయి. మా ఊరి నిండా కిటికీల్లేని డేటా సెంటర్లే కదా, వాటిలో ఒకదాంట్లో కంప్యూటర్లు వేడెక్కకుండా చల్లబరిచే యంత్రాలు చూసుకుంటుంది. టౌన్‌హౌస్‌లో ఒక్కతే ఉంటుంది. భర్త రాధాకృష్ణ గారు చాలాకాలం క్రితమే పోయారని అందరికీ తెలుసు గానీ, ఎలా పోయారని అడిగితే ఆవిడ మాట మార్చేస్తుంది. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో గ్రీన్‌కార్డుల గురించి, ఇళ్ళ ధరల గురించి ఒక్క ముక్క మాట్లాడదు. కానీ ఎవరైనా పొరపాటున "వీకెండ్ బోర్ కొడుతోందండీ" అన్నారా, ఆవిడకి దొరికిపోయినట్టే.

"చిన్నప్పుడు పులీ మేకా ఆడారా?" అని మొదలుపెడుతుంది. ఆడామంటే సంబరం. "అయితే మీకు స్క్వాడ్ గేమ్స్ పడతాయి. అదీ ఇదీ ఒక్కటే. మీరు కదపాలి, తర్వాత అవతలివాడు కదుపుతాడు. ఎంతసేపు ఆలోచించినా ఎవరూ తొందరపెట్టరు."

టపటపా మీటలు నొక్కి కాల్చిపారేసే ఆటలు కావట అవి. నలుగురో ఆరుగురో సైనికులు మన చేతికింద ఉంటారు. మన వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ గళ్ళ మీద జరిపి, ఏ గోడ చాటుకో, ఏ విరిగిన బండి చాటుకో చేర్చాలి. ఆరుబయట నిలబెడితే శత్రువు వంతులో అయిపోతారు. ఇదంతా ఆవిడ అప్పడం నములుతూ చెబుతుంటే, వినేవాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. నేను మాత్రం అసలు విషయం ఎప్పుడు బయటికి వస్తుందా అని కాచుకు కూర్చునేదాన్ని.

పైగా ఆవిడ అందరికీ ఒకే ఆట చెప్పదు. మనిషిని కాసేపు చూసి, మందు రాసిచ్చినట్టు చెబుతుంది. ఆఫీసులో టీమ్ మీద అరుస్తాడని పేరున్న శేషగిరి గారికి కిరాయి సైనికుల ఆట చెప్పింది. అందులో సైనికులకి కోపాలూ అలకలూ ఉంటాయట, సరిగ్గా చూసుకోకపోతే మానేసి పోతారట. ప్రతిదానికీ కంగారుపడే రష్మికి, శత్రువు తర్వాత ఏం చేయబోతున్నాడో ముందే తెర మీద చూపించే చిన్న ఆట చెప్పింది. మనిషి బలహీనత పట్టుకుని కొట్టడమంటే ఇదే అనుకున్నాను.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "కొనేటప్పుడు మీ రిఫరల్ కోడ్ ఏమైనా వాడాలా ప్రసూన గారూ?"

"కోడ్ ఏంటమ్మా? డిసెంబర్ దాకా ఆగండి, సేల్‌లో సగానికి వస్తుంది" అంది ఆవిడ.

అమ్మేవాళ్ళు ఎవరైనా ఆగమంటారా? ఇది మామూలు పథకం కాదని నిర్ధారించుకున్నాను.

ఆ రోజుల్లోనే నా వర్క్ పర్మిట్ వచ్చింది. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, పని చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద వంటింట్లో ఇన్నేళ్ళు కూర్చున్న దాన్ని, ఆ కార్డుని దేవుడి పటం ముందు పెట్టి మరీ ఉద్యోగాలకి అప్లై చేయడం మొదలుపెట్టాను. మా ఇంట్లో పాట్‌లక్ జరిగినప్పుడు ఆ ఊసు వచ్చింది. రఘు అందరి ముందూ నవ్వుతూ అన్నాడు, "నాదేముంది, పద్మజ ఇష్టం. బట్ వింటర్‌లో హైవే మీద డ్రైవ్ చేసి, అనికని స్కూల్ నుంచి పికప్ చేసి, అంత హైరానా తనకి అవసరమా అని."

ఆ "పద్మజ ఇష్టం" అనే మాట మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అది తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడటం లాంటిది. సోఫా చివర కూర్చున్న ప్రసూన గారు రఘు వైపు చాలాసేపు చూసింది. వెళ్ళేముందు అతనికి ఒక ఆట పేరు చెప్పింది. అందులో చచ్చినవాడు చచ్చినట్టేనట, వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆడటం కుదరదట.

"సైనికులకి మీ వాళ్ళ పేర్లు పెట్టుకోండి రఘు గారూ. పేరు లేనివాణ్ణి ఎవరైనా ముందుకి తోసేస్తారు" అంది.

రఘు ఆటలో మునిగిపోయాడు. రోజూ ఆఫీసు అవగానే లాప్‌టాప్, మధ్యమధ్యలో ప్రసూన గారికి మెసేజ్‌లు. నాకు లేనిపోని అనుమానాలు మొదలయ్యాయి. అతని ఫోన్ తీసి చూశాను, ఎందుకు దాచాలి. "శేషగిరి పోయాడు, నా తప్పే" అని ఇతను ఆటలో ఆయన పేరు పెట్టుకున్న సైనికుడి గురించి రాస్తే, "గురి తొంభై శాతం తగులుతుందని ఆట చూపించినా నమ్మకండి" అని ఆవిడ జవాబు. ఫోన్ అక్కడే పెట్టేశాను గానీ మనసు కుదుటపడలేదు. ఇంతమందికి ఇన్ని ఆటలు చెప్పిన మనిషి నాకు ఒక్కటీ చెప్పలేదెందుకు?

మనాసస్‌లో నీళ్ళు పరీక్షించే లాబ్ నుంచి నాకు ఆఫర్ వచ్చింది. శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. రఘు మళ్ళీ "నీ ఇష్టం" అన్నాడు. అక్కడికి వెళ్ళే రూట్ ట్వంటీ ఎయిట్ మీది ట్రాఫిక్ గురించి కూడా చెప్పాడు. బుధవారం దాకా నేను జవాబు రాయలేకపోయాను.

గురువారం సాయంత్రం మా అమ్మాయి అనిక వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, నాన్న గేమ్‌లో నువ్వు ఉన్నావు" అంది. "బట్ నువ్వు ఏం చెయ్యవు. జస్ట్ నిల్చుంటావు."

చేతులు తుడుచుకుని వెళ్ళి చూశాను. తెర మీద రఘు దళం వరసగా నిలబడి ఉంది. అతని ఇంజనీరింగ్ స్నేహితులు, మా బావగారు, మా మరిది. అందరి ముఖాల మీదా గాట్లు, భుజాల మీద పట్టీలు, పేర్ల పక్కన పెద్ద పెద్ద హోదాలు. ఆ చివర, మడత నలగని యూనిఫామ్‌లో, అందరికంటే కింది హోదాలో పద్మజ. వెళ్ళిన యుద్ధాలు, సున్నా.

"నన్నెందుకు పంపలేదు?" అన్నాను.

రఘు గర్వంగానే చెప్పాడు. "నిన్ను రిస్క్ చేస్తానా? ఇంతమంది పోయారు, చూడు. నీకు ఒక్క దెబ్బ తగల్లేదు. ఫస్ట్ నుంచీ బేస్‌లోనే సేఫ్‌గా పెట్టాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ అతని ముందు ఏడవదలుచుకోలేదు. అతను అబద్ధం చెప్పడం లేదు. నామీద ప్రేమతోనే చేశాడు. ఇన్నాళ్ళూ అనుమానించాల్సిన చోట కాకుండా ఊళ్ళో అందరినీ అనుమానించానని ఆ తెర ముందు తెలిసింది. తాళాలు తీసుకుని తిన్నగా ప్రసూన గారి ఇంటికి వెళ్ళాను.

"మా ఇంట్లో ఏం ఆట పెట్టారండీ మీరు?" అన్నాను గుమ్మంలోనే.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. చెప్పిందంతా విని అడిగింది, "ఎక్కడిదాకా వచ్చారు రఘు గారు?"

"ఏమో. చివరికొచ్చేశానంటున్నాడు."

"అయితే ఇంక మిమ్మల్ని పంపినా లాభం లేదమ్మా. అక్కడ శత్రువులు గట్టివాళ్ళు. మొదట్లో తీసుకెళ్ళాలి కొత్తవాళ్ళని, దెబ్బలు చిన్నవిగా ఉన్నప్పుడు. ఇప్పుడు మిగతావాళ్ళు పోతే, ఏమీ రాని మనిషి ఒక్కతే మిగులుతుంది."

"ఇది కావాలనే చేశారా?"

"ఆట బాగుంటుందని చెప్పాను." ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు. "రఘు గారు మంచివారమ్మా. మా ఆయన కూడా అచ్చం అలాగే ఉండేవాడు."

తన భర్తతో నా భర్తని పోల్చడమేమిటి? లేచి వచ్చేశాను. ఆవిడ ఇంటి ముందే కార్‌లో కూర్చుని, ఫోన్ తీసి, చేరుతున్నానని లాబ్‌కి మెయిల్ రాశాను. పంపించాక కూడా కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి లాప్‌టాప్ మూసి ఉంది. రఘు వంటింట్లో నిలబడి ఉన్నాడు.

"జాబ్ తీసుకో పద్మజా. అనికని నేను పికప్ చేస్తాను, మేనేజర్‌తో మాట్లాడతాను" అన్నాడు.

"నేను ఇందాకే మెయిల్ పంపేశాను" అన్నాను. కానీ ఇంత తేలిగ్గా లొంగే మనిషి కాదే. "ఎవరు చెప్పారు నీకు?"

"ప్రసూన గారు కాల్ చేశారు. నువ్వు వాళ్ళింట్లోంచి లేచి రాగానే."

"ఏమంది?"

రఘు కుళాయి విప్పి, మళ్ళీ కట్టేశాడు. "రాధాకృష్ణ గారు ఆఫీస్‌లో కుప్పకూలిపోయారట. హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆరోజు మంచు, టాక్సీ రాలేదు. ఫ్రెండ్స్ అందరూ పనుల్లో ఉండి ఫోన్ ఎత్తలేదు. గరాజ్‌లో కారుంది, కీస్ ఉన్నాయి. ఆవిడకి డ్రైవింగ్ రాదు. నీకెందుకు ఆ కష్టం అని ఆయన నేర్పించలేదట. పక్కింటావిడ వచ్చేదాకా సాయంత్రం వరకూ మెట్ల మీదే కూర్చున్నారట. వెళ్ళేసరికి ఆయన లేరు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ ఇంట్లో, ఆవిడ ఎదురుగా, ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ అంతసేపు ఉన్నాను నేను.

"ఈ మాట నీకు చెప్పింది, నాకెందుకు చెప్పలేదు?"

"అదీ అడిగాను" అన్నాడు రఘు. "పద్మజ గారికి చెబితే నమ్మరు, దీని వెనక ఇంకేదో ఉందనుకుంటారు అన్నారు."

మామూలుగా అయితే ఆ మాటకి నాకు కోపం రావాలి. వచ్చేది కూడా, అది నిజం కాకపోయి ఉంటే.