పౌడర్ పూసిన వీపు

1969. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతబడ్డాయి. చేవెళ్లలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఆబిడ్స్‌లో సెకండ్ హ్యాండ్‌గా కొన్న కెమెరా, దానికొక యాభై ఎం.ఎం. లెన్స్. ఇప్పుడు ప్రైమ్ లెన్స్ అంటున్నారు. అది దేన్నీ దగ్గరికి లాగదు, దూరం నెట్టదు. మనమే నడిచి దగ్గరికి పోవాలి. చవక సరుకే గాని కన్ను పెద్దది, కిటికీ వెలుతురు చాలు దానికి.

సురంగల్ నుంచి సంతోషమ్మ అనే అవ్వ కబురు పెట్టింది. ఆమె కొడుకు సామ్యేలు కాలేజీ పిల్లవాడు. మొయినాబాద్ రోడ్డు మీద పోలీసులు లాఠీలతో వాడి వీపు పగలగొట్టారు. పైగా వాడే రాళ్లు రువ్వాడని, పారిపోతూ కాలువలో పడ్డాడని కేసు రాశారు. ఎంత సిగ్గుమాలిన అబద్ధం! దెబ్బలు మానకముందే ఫోటో తీయించకపోతే జైలు తప్పదని వకీలు చెప్పాడట.

నేను పోయేసరికి పట్నం నుంచి ఒక పత్రిక ఫోటోగ్రాఫర్ జీపులో వచ్చి ఉన్నాడు. మెడలో మూరెడు జూమ్ లెన్స్. నిలబడ్డ చోటు నుంచే దూరపువాటిని దగ్గరగా చూపించే లెన్స్ అది. నా కెమెరా చూసి నవ్వాడు.

"గీ పాస్‌పోర్టు ఫోటోల డబ్బాతోని ఏం తీస్తవన్నా?"

బూట్లు విప్పడం బద్ధకమై గడప బయటే నిలబడ్డాడు. జూమ్ తిప్పి, ఫ్లాష్ కొట్టి, అయిపోయిందని వెళ్లిపోయాడు.

నా లెన్స్‌తో ఆ పప్పులు ఉడకవు. చెప్పులు విడిచి లోపలికెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. గుప్పున పౌడర్ వాసన కొట్టింది.

"అవ్వా, వీపుకు పౌడర్ పూసినవా?"

"పూసిన బిడ్డా. ఫోటో అంటె మంచిగ కనబడాలె గద. నలుగురు చూస్తరు."

మా దగ్గర అందరిదీ అదే అలవాటు. స్టూడియోకొస్తే ముందు దువ్వెన అడుగుతారు, తర్వాత పౌడర్.

"గా దెబ్బలే కనబడాలె అవ్వా. నీ కొడుకును కాపాడేటియి అవే. తడిబట్టతోని తుడువు."

తుడుస్తుంటే సామ్యేలు మూలిగాడు. "జర ఓర్చుకో కొడుకా, జర ఓర్చుకో" అంటూ ఆమే ఏడ్చింది. పౌడర్ కింద నుంచి జంట గీతలు బయటపడ్డాయి. రెండు ఎర్రటి చారలు, మధ్యలో లాఠీ అంత వెడల్పున పాలిపోయిన చర్మం. కాలువలో పడితే ఇట్లాంటి వాతలు తేలుతాయా? నా ఒళ్లు మండిపోయింది. కిటికీ బార్లా తెరిచి, ఊపిరి బిగబట్టి తీశాను.

రెండోనాడు పత్రికలో జూమ్ ఫోటో వచ్చింది. ఫ్లాష్ వెలుగుకు పౌడర్ మెరిసి దెబ్బలు కప్పడిపోయిన నున్నటి తెల్లటి వీపు. కింద స్వల్ప గాయాలని రాత. కోర్టులో ఎస్సై ఆ ముక్కే పట్టుకొచ్చి చూపించాడు.

"దెబ్బలేవి సార్? మీరే చూడుండ్రి."

వాడి నోట్లో మన్ను పడ! వకీలు నా ప్రింటు తీసి దాని పక్కన పెట్టాడు. మేజిస్ట్రేటు రెండూ చాలాసేపు చూశాడు.

"ఆ కాలువలో నీళ్లున్నాయా, లాఠీలున్నాయా?" అని ఎస్సైని అడిగాడు. కేసు కొట్టేశాడు.

తర్వాత నేనూ జూమ్ లెన్స్ కొన్నాను. దానిదేం తప్పు లేదు. ఆ గడప దాటని మనిషి మీద మాత్రం నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఎంత మంచి లెన్స్ ఉన్నా దగ్గరికి పోక తప్పదని ఆ రోజే తెలిసింది.

సామ్యేలు పెళ్లి ఫోటోకు మా స్టూడియోకే వచ్చారు. నేను అలవాటు కొద్దీ వాడికి పౌడర్ డబ్బా అందించాను. సంతోషమ్మ దాన్ని గుంజుకుని వాకిట్లోకి విసిరికొట్టింది.

"వద్దు! నా కొడుకు ఎట్లున్నడో అట్లనే తియ్యి."