నూకాలు కాలు తొక్కాను

పొద్దున్న మంచులో చెరకు నరుకుతుంటే నర్సింగ్ విద్యార్థులు వచ్చారు. మమ్మల్ని కళ్లు మూసుకోమని, ఒంటి మీది మచ్చలకు దూదిపోగు తాకించి, తెలుస్తోందా అని అడిగారు.

మన ఐదో తరగతి వాళ్లకు గుర్తుందా? బళ్లోనూ ఇలాగే కుష్ఠు పరీక్ష చేశారు. నూకాలుకు మణికట్టు దగ్గర తెల్లమచ్చ.

"తాకితే నాకు తెల్దే. బడి మాన్పించేస్తారు. దూది తాకించగానే నువ్వు నా కాలు తొక్కు, అవునంటాను," అంది.

తొక్కాను.

"సూసేవేటే, పాసైపోనాను," అని బయట నవ్వింది.

మరుసటి ఏడు బెల్లం వండే పెనం అంచుకు ఆ చెయ్యి ఆనించింది. కాలిన వాసన మాకొచ్చేదాకా దానికి తెలియలేదు.

అప్పుడే మందు వాడితే నయమయ్యేదని ఇవాళ వచ్చిన పిల్ల చెప్పింది.

నూకాలును చెయ్యి కాలిన ఏడు వేసవిలోనే మేనమామ మాడుగుల తీసుకెళ్లిపోయాడు.