తుప్పు తొట్టి దగ్గర క్రియాజనకం

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారని మొన్న మధ్యాహ్నం పాత విద్యార్థుల గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను హైటెక్ సిటీలో ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నాను. గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. నేను పెట్టలేదు. ఆయనంటే నాకు ఒళ్లు మంట. పోయినవాళ్లను తిట్టకూడదంటారు గానీ, బతికుండగా ఆయన్ను తిట్టే ధైర్యం మాలో ఎవరికుంది?

కోస్తా నుంచి వచ్చి బోరబండ బడిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి. సుద్దముక్క అరిగి గోరు బోర్డుకు తగిలేదాకా పారేసేవారు కాదు. తప్పు రాస్తే తిట్టేవారు, ఒప్పు రాస్తే అనుమానించేవారు. "బట్టీ పట్టావా, అర్థమై రాశావా?" అని నిలదీసేవారు. పదో తరగతి యూనిట్ టెస్టులో క్రియాజనకం అంటే ఏమిటని అడిగితే, రసాయన చర్యలో పాల్గొని కొత్త పదార్థంగా మారిపోయేది అని రాశాను. వంక దొరక్క రెండుకు రెండు వేశారు.

ఆ వారమే నాన్న మీద దొంగతనం అంటగట్టారు. నాన్న బాలానగర్‌లో ఒక షెడ్డులో ఇనుప బోల్టులను ఆసిడ్ తొట్టిలో ముంచి తుప్పు వదిలించేవాడు. బుడగలు తగ్గిపోతే, తొట్టి ఖాళీ చేసి కొత్త ఆసిడ్ పోయాలనేవాడు. ఓనరుకు అది ఎక్కలేదు.

"తొట్టి నిండుగనే ఉన్నది గదా! మల్ల కొత్త క్యాన్లు ఏడికి పోతున్నయ్? బయట అమ్ముకుంటున్నవ్. రేపటి సంది రాకు," అన్నాడు.

అన్నం క్యారియర్ పట్టుకెళ్లిన నేను పక్కనే ఉండి విన్నాను. క్యారియర్ అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను.

మర్నాడు క్లాసులో ఏడుస్తుంటే మాస్టారు సంగతి కక్కించారు. సాయంత్రం నన్ను స్కూటర్ ఎక్కించుకుని షెడ్డుకు వచ్చారు. నాన్న అప్పటికే అక్కడ ఓనర్ని బతిమాలుతున్నాడు. మాస్టారు రెండు గాజు గ్లాసులు అడిగి, ఒకదాంట్లో తొట్టిలోది, రెండోదాంట్లో కొత్త ఆసిడ్ పోయించారు. రెండింట్లోనూ తుప్పు బోల్టులు వేశారు. కొత్తది బుసబుసా పొంగింది. తొట్టిలోది కదల్లేదు.

"చూశారా అండీ? ఆసిడ్ తుప్పుతో కలిసి మారిపోయింది. తొట్టి నిండుగానే ఉంటుంది, అందులో ఆసిడే ఉండదు. ఇక్కడ దొంగ ఎవరూ లేరు." తర్వాత నాన్న వైపు తిరిగారు. "మీరు కంటితో కనిపెట్టింది సరైనదేనండి."

ఓనరు ఏదో గొణిగి, నాన్నను మళ్లీ పనిలోకి రమ్మన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఆయనకు దండం పెట్టేదాన్ని. కానీ నాన్న ఎదుటే నా మీద పడ్డారు. "ఇదంతా పేపర్లో రాశావు కదా! మీ నాన్నను దొంగ అంటుంటే ఎందుకు చెప్పలేదు?" మర్నాడు నా రెండు మార్కులూ కొట్టేశారు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆయన అన్నది నిజం కాబట్టి మరీను.

మొన్న కబురు చెప్పగానే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని లింగంపల్లిలో మాస్టారింటికి బయల్దేరాడు. తప్పక నేనూ వెళ్లాను.

"ఆ షెడ్డుల నన్ను 'మీరు' అన్నది గా సారొక్కడే బిడ్డా," అన్నాడు దారిలో.

మాస్టారిని ముందుగదిలో పడుకోబెట్టారు. నేను చేతులు కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాను. నాన్న లోపలికి వెళ్లి, గోళ్లను ఆసిడ్ తినేసిన వేళ్లతో ఆయన పాదాలు పట్టుకున్నాడు. ఎవరు లేపబోయినా వదల్లేదు.