తాళం తీసినా ఆగని ఇంజన్

శంషాబాద్‌కు విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజుల్లో అక్కడికి కిరాయి కారు నడిపేవాణ్ణి. లక్షల కిలోమీటర్లు తిరిగి అలిసిపోయిన నా డీజిల్ బండికి ఊపిరి పోద్దామని, ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోసే టర్బో ఒకటి పాత సామాన్లలో దొరికితే బిగించాను. అది నా ఊపిరే తీయబోతుందనుకోలేదు.

"అన్నా, ముసలి ఇంజన్, జర పైలం" అన్నాడు మెకానిక్. నేను నవ్వేశాను.

వారం రోజులు బండి రోడ్డు మీదే విమానంలా పోయింది. ఒక మధ్యాహ్నం, కాలికి సిమెంటు కట్టుతో ఉన్న మా బాపును దవాఖాన నుంచి తెస్తుంటే సాతంరాయి దగ్గర వెనకంతా తెల్లటి పొగ కమ్మింది. పక్కకు ఆపి తాళం తీశాను. ఇంజన్ ఆగలేదు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే గొంతు పెంచి అరవసాగింది.

"బంద్ చెయ్యరా!"

"చేసిన బాపూ! తాళం నా చేతిలనే ఉంది!"

"మరి గదేంది? దయ్యం తోలుతుందా?"

బానెట్ వణుకుతోంది. ఏ క్షణమైనా పేలేట్టుంది. బాపు దిగలేడు, నేనొక్కణ్ణే మోయలేను. ఒకప్పుడు ట్రాక్టర్ తోలిన బాపుకే తోచింది.

"టాప్ గేర్ల వెయ్! బ్రేకు గట్టిగ తొక్కి క్లచ్ ఇడువు!"

బండి ఒక్కసారి ఎగిరిపడి చచ్చింది.

టర్బోలోంచి కారిన ఆయిల్ ఇంజన్‌లోకి పోయిందట. డీజిల్ ఆగినా, తన ఆయిల్ తానే తాగుతూ పరిగెత్తిందట. కారణం తెలిశాక భయం పోవాలి కదా!

ఇప్పుడు నాది పెట్రోల్ బండి, దానికి ఈ జబ్బు రాదు. అయినా తాళం తీయగానే దిగను. ఇంజన్ నిశ్శబ్దమయ్యేదాకా కూర్చుంటాను. నిశ్శబ్దమయ్యాక, ఇంకాసేపు.