అమ్మ చేసిన డబ్బా పొయ్యి

మా చిన్నప్పుడు... ఏడాది పొడుగునా వంటింట్లోనే ఉండే అమ్మ, మేం సరదాగా కొండకి వెళ్లే ఆ ఒక్క రోజున కూడా పొయ్యి మోసుకుని ఎక్కేది. ఎందుకు? ఇన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ఆ పొయ్యి కొన్నది కాదు. పెద్ద పాలపొడి డబ్బా అడుగున చుట్టూ మేకుతో బెజ్జాలు కొట్టి, పుల్లలు పెట్టడానికి పక్కన చిన్న కిటికీలా కోసేది. అంచు చేతికి గీసుకోకుండా పట్టకారుతో మడిచేది. అందులో ఇమిడే ఇంకో చిన్న డబ్బా... అదే గిన్నె. దానికి కట్టుతీగతో పిడి. బరువని గరిట కాడ కూడా సగానికి కోయించింది. ఒక్కోటీ చేత్తో ఎత్తి చూసి, "ఇంకా బరువే" అనుకునేది.

గవర్నర్‌పేటలో మాది రెండు గదుల వాటా. ఆ సుత్తి చప్పుడుకి నాన్న విసుక్కునేవారు.

"పులిహోర కలిపి పట్టుకెళ్తే పోయేదానికి ఈ కమ్మరి పనేంటే?"

"మీరేం మొయ్యక్కర్లేదులెండి, నేనే మోస్తా."

"కిందటేడు గాలికి మంట నిలవక పచ్చి ఉప్మా తినిపించావ్. ఈసారీ అంతే అయితే ఇక పొట్లాలే. చెప్తున్నా."

అమ్మ మేకు మీద ఇంకో దెబ్బ వేసింది.

మైలవరం దాటాక బస్సు దిగి కొండదారి పట్టాం. పైన ఒకటే గాలి... అగ్గిపుల్లలు వెలగడం, ఆరిపోవడం. తమ్ముడు ఆకలని మొదలెట్టాడు. నాన్న బండ మీద కూర్చుని, "ఏంటోయ్, పులిహోర గుర్తొస్తోందా?" అన్నారు.

అమ్మ సంచీలోంచి చుట్ట చుట్టిన రేకు తీసింది. నూనె డబ్బాని కోసి సాపు చేసిన రేకు. పొయ్యి చుట్టూ మట్టిలో గుచ్చి నిలబెట్టింది.

మంట నిలిచింది...

గిన్నె చిన్నది, ఒక విడతకి ఒకరికే. మొదటి ఉప్మా దించగానే నేనూ తమ్ముడూ చేతులు చాచాం. అమ్మ దాన్ని మోదుగాకులో తనకే పెట్టుకుంది!

"ఏవండీ, మళ్లీ ఎసరు పెట్టాను. పుల్లలు ఎగదోస్తూ ఉండండి" అని, వెళ్లి బండ మీద కూర్చుని, ఊదుకుంటూ తాపీగా తింది. ఇంట్లో అందరి తర్వాత, చల్లారింది తినే మనిషి... అందరికంటే ముందు, వేడివేడిగా తినడం నేను అదే మొదటిసారి చూడటం.

"రవ్వ పోస్తూ కలపండి, ఉండ కడుతుంది" అని కూర్చున్న చోటు నుంచే కేకేసింది.

పొగకి కళ్లు నులుముకుంటూ నాన్న, "చిత్తం" అన్నారు. ఆ తర్వాత ఏ ఏడూ పొట్లాల ఊసెత్తలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ట్రెక్కింగ్‌కని ఆన్‌లైన్‌లో మడత పొయ్యి తెప్పించుకుంది. ఈకలా ఉంది, బాగానే ఉంది... ఇంట్లో మాత్రం సుత్తి చప్పుడే లేదు.

ఆమధ్య అమ్మని అడిగాను, "సెలవు రోజున కూడా ఆ వంటేంటమ్మా?" అని.

"అదీ ఒక వంటేనా, పిచ్చిదానా!" అని నవ్వేసింది.

మీ అమ్మలు ఇల్లు దాటిన రోజున ఏం వెంట తీసుకెళ్లేవారు? చెప్పండి, వినాలనుంది.

మా అమ్మకి ఆ కొండ మీద దొరికింది నిజంగా సెలవేనా, లేక పొయ్యి లేకుండా ఒక్క పూట కూడా ఉండలేనంతగా అలవాటు పడిపోయిందా... నాకు ఇప్పటికీ తేలలేదు.